నాక్కూడా వినబడదని మాటిచ్చాను

మా కంపెనీలో దానికి పెట్టిన పేరు "సౌకర్యం".

ఆ మాట మొదటిసారి నా చెవిన పడ్డప్పుడు నేను రాజమండ్రిలో మా మేడమీద గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఉప్మా తింటున్నాను. ఆఫీసు హైదరాబాదులో. కరోనా రోజుల్లో ఇంటికొచ్చి పని మొదలుపెట్టిన నన్ను మళ్ళీ రమ్మని ఎవరూ అడగలేదు, నేనూ గుర్తుచేయలేదు. స్క్రీన్ మీద గళ్ళగళ్ళుగా మావాళ్ళ మొహాలు. మా ఎండీగారు గొంతు సవరించుకుని, "గవర్నమెంటువారు మనల్ని ఒక చిన్న సౌకర్యం అడిగారండి. ఇచ్చేద్దాం," అన్నారు. పెళ్ళివారు విడిదింట్లో ఇంకో ఫ్యాను అడిగారన్నట్టు చెప్పారు. ఆ తర్వాత వివరాలు చెప్పడం మొదలుపెట్టారు. నేను ప్లేటు పక్కన పెట్టేశాను.

మేం చేసేది ఒక ఫోన్ యాప్. రాయడం చదవడం అలవాటు లేనివాళ్ళ కోసం చేసింది. బటన్ నొక్కిపట్టుకుని మాట్లాడితే చాలు, ఆ మాట గ్రూపులో ఉన్నవాళ్ళందరికీ చేరుతుంది. అందులో నా పని తాళం వేయడం. మాట పంపినవాళ్ళ ఫోన్‌లోనే తాళం పడుతుంది, అందుకున్నవాళ్ళ ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యలో మా కంప్యూటర్లలోంచే వెళ్తుంది గానీ మేం విందామన్నా మాకు అర్థంపర్థం లేని చెత్త తప్ప ఏమీ దొరకదు. నా ఉద్యోగ జీవితమంతా నేను నేర్చుకున్నదీ, గర్వపడ్డదీ ఈ ఒక్క పనే.

ఇప్పుడేమో ప్రతి మాటకీ ఇంకో నకలు తీయాలి. ఆ నకలుకి వేరే తాళం వేయాలి. దాని తాళంచెవి గవర్నమెంటువారి దగ్గర ఉంటుంది. వాళ్ళు మమ్మల్ని అడగరు కూడా, కావలసినప్పుడు వాళ్ళే తీసుకుంటారు. ఈ సంగతి వాడేవాళ్ళకి చెప్పకూడదు. చెబితే నేరం. మా సాఫ్ట్‌వేర్‌వాళ్ళ భాషలో దీన్ని బ్యాక్‌డోర్ అంటారు. మా అమ్మనడిగితే దొడ్డిదారి అంటుంది. సౌకర్యం అనడానికి మాత్రం ఎండీ అయ్యుండాలి.

"నేనిది రాయనండి," అన్నాను.

"అయ్యయ్యో, మీరు రాయక్కర్లేదండి. మీరు కోప్పడకండి," అన్నారాయన, వెన్న రాసినట్టు. ఆయనదీ మా గోదావరే. రావులపాలెం దగ్గర ఊరు. తిట్టినా చివర అండి తగిలిస్తారు. అంత తేలిగ్గా ఒప్పుకున్నారంటే ఏదో ఉందని నాకప్పుడే అనుమానం రావాలి. రాలేదు.

మీటింగ్ జరుగుతుండగానే మావాళ్ళు పక్కన వేరే చాట్ తెరిచారు. వీసాల గోల. ఐర్లాండు మంచిదా, జర్మనీ మంచిదా. పిల్లల్ని అక్కడి స్కూళ్ళలో చేర్పించడానికి ఏ నెల వెళ్తే మంచిది. ఈ దేశంలో మనలాంటివాళ్ళు బతకలేరని ఒకడు, మనస్సాక్షి ఉన్నవాళ్ళకి చోటు లేదని ఇంకొకడు. ఆ మనస్సాక్షి ఉన్న మహానుభావులు ఒక్కరంటే ఒక్కరు మీటింగులో నోరు విప్పలేదు. మైకులు ఆఫ్ చేసుకుని కూర్చున్నారు. వెళ్ళేముందు ఒక్కసారి "ఇది తప్పండి" అని అంటే వీసా ఏమన్నా ఆపేస్తారా? ఛీ అనిపించింది. అనిపించింది గానీ నేనేమన్నా ఆకాశంలోంచి ఊడిపడ్డానా? ఆ వారంలోనే నేనూ యూరప్‌లో ఒక కంపెనీకి అప్లికేషన్ పడేశాను.

మావారు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. సంగతి చెబితే, "వెళ్దాం పద," అన్నారు, పేపర్లు దిద్దుతూ తలెత్తకుండానే.

"అక్కడ మీరేం చేస్తారు?"

"గిన్నెలు తోముతాను. ఇక్కడ తోమట్లేదా ఏంటి?"

నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "నువ్వు రోజూ ఆ మేడ దిగొచ్చేటప్పుడు నీ మొహం చూస్తున్నానుగా. ఇలా కుళ్ళిపోతూ ఎన్నాళ్ళుంటావు?" అన్నారు. మొదటి ఇంటర్వ్యూ బాగా అయింది. చివరిది ఇంకొకటి ఉందన్నారు. 

ఇంతకీ నాకిది ఇంత కంపరం ఎందుకు పుట్టించిందంటే, ఉప్పాడ వల్ల. కాగితం మీద చూస్తే అదో రూలు. ఉప్పాడలో మాత్రం నేను మనుషుల కళ్ళలోకి చూసి ఒక మాటిచ్చాను.

యాప్ కొత్తలో, అందరికన్నా దగ్గరున్నది నువ్వే కదా అని కంపెనీ నన్ను ఉప్పాడ పంపింది. సముద్రానికి ఆనుకున్న ఒక చేపలవాళ్ళ సందు. ఆ సందులో ఆడవాళ్ళకి పెద్దదిక్కు ఒకావిడ. తెల్లారకుండా రేవులో వేలంపాటలో చేపలు కొని, ఆటోలో పిఠాపురం తీసుకెళ్ళి అమ్ముతుంది. గొంతు విప్పిందంటే అవతలి సందులో కుక్కలు లేస్తాయి. నేను ఆవిణ్ణి అక్కా అనేదాన్ని. మొదటి రోజు, "మీ ఇల్లెక్కడక్కా?" అనడిగితే చెయ్యెత్తి అలల్లోకి చూపించింది. "అదిగో, ఆ నురగ ఉంది చూడండి, అక్కడండి మా వంటిల్లు. ఇది రెండోది. దీనిక్కూడా ఎన్నాళ్ళుందో ఏంటో," అంది. ఏడుస్తూ చెప్పలేదు. దారి అడిగితే చెప్పినట్టే చెప్పింది.

నేను యాప్ గురించి, తాళం గురించి పాఠం అప్పజెప్పాను. ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. "ఎవరూ వినలేరండి. కంపెనీవాళ్ళు కూడా వినలేరు," అన్నాను.

"మీరో?" అంది అక్క.

"నాక్కూడా వినబడదు."

"ఆయ్, చూద్దాం ఉండండి," అని నన్ను గుమ్మం ముందు కూర్చోబెట్టి, తాను పెరట్లోకి వెళ్ళి, ఫోన్‌లో ఏదో మాట్లాడింది. లోపల తోడికోడలి ఫోన్ మోగింది. ఆవిడ విని పగలబడి నవ్వింది. అక్క బయటికొచ్చి నడుం మీద చేతులేసుకుంది. "ఇప్పుడు చెప్పండి మేడమ్‌గారూ, మీ మిషనంతా వెతికి, నేనేం మాట్టాడానో చెప్పండి."

నేను లాప్‌టాప్ తెరిచి, మా కంప్యూటర్‌లో ఆ మాట ఎలా ఉందో చూపించాను. అక్షరాల చెత్తకుప్ప. వినిపించాను. బుర్రుమంది. అందరూ నవ్వారు. "మీ చీర కట్టు బాలేదని చెప్పానండి," అంది అక్క. ఆ రోజు నుంచి నేను మేడమ్‌గారిని కాదు, అమ్మాయ్‌ని. "ఏం అమ్మాయ్, తిన్నావా?" అని గ్రూపులో నాకూ మెసేజ్ వచ్చేది.

సిమ్‌ల దగ్గరికొచ్చేసరికి ఇంకో చిత్రం బయటపడింది. ఆ సందులో ఎవరి వేలిముద్రా మిషన్ తీసుకోదు. వలల తాళ్ళు లాగిలాగి మగవాళ్ళ వేళ్ళు, ఐసులోనూ ఉప్పులోనూ నానినాని ఆడవాళ్ళ వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. సిమ్ కావాలంటే వేలు పెట్టాలి. వేలు పెడితే మిషన్ ఒప్పుకోదు. కళ్ళు చూసి ఇచ్చే మిషన్ ఉందిట గానీ అది ఆ సందుదాకా రాలేదు. మరి ఇన్ని ఫోన్లు ఎలా నడుస్తున్నాయంటే, అక్క మరిది పుణ్యం.

ఆయనకి మాట లేదు. చెవులు మాత్రం పాము చెవులు. నడిసముద్రంలో కేకెయ్యలేని మనిషిని బోటు మీదకి ఎవరూ ఎక్కించుకోరు కాబట్టి చిన్నప్పటినుంచీ ఒడ్డునే ఉండిపోయి, కుట్టుమిషన్ పెట్టుకున్నాడు. ఆ సందులో ముద్రలు చెక్కుచెదరని బొటనవేలు ఆయనదొక్కడిదే. ఒక మనిషి పేరుమీద ఇన్ని సిమ్‌లే ఇవ్వాలని రూలుంది కదా, ఆ రూలు అంచుదాకా ఆయన పేరుమీదే తీసుకున్నారు. ఆడవాళ్ళ ఫోన్లలో సిమ్‌లు చాలావరకు ఆయనవే. అక్కదీ అంతే. ఎవరి సిమ్మన్నా పోయి మళ్ళీ కావాలంటే ఆయన్ని బతిమాలి, ఒక టీ తాగించి, షాపుకి తీసుకెళ్ళడం ఆ సందులో పద్ధతి.

ఆయనకి ఆ వేలంటే మహా గర్వం. ఎవరొచ్చినా బొటనవేలు పైకెత్తి చూపిస్తాడు. నేను కనబడగానే వేలెత్తి, నా ఫోన్ వైపు చూపించి, నీక్కూడా సిమ్ కావాలా అని కనుబొమలెగరేసేవాడు. ఆడవాళ్ళ గ్రూపులో ఆయనొక్కడే మగాడు. రోజంతా కుట్టుకుంటూ, పక్కన ఫోన్ పెట్టుకుని, అందరి గొడవలూ వింటూ తనలో తాను నవ్వుకుంటాడు. "మా మరిదికి మా గుట్టంతా తెలుసు అమ్మాయ్. తెలిస్తే ఏంటి, ఎవరికన్నా చెబుతాడా!" అని అక్క ఆటపట్టించేది. ఆయన మెడలో టేపు లాగి కొట్టబోయేవాడు.

సౌకర్యం గురించి మీటింగయ్యాక నాకు మొదట గుర్తొచ్చింది అక్క నడుం మీద చేతులేసుకుని నిలబడ్డం. వచ్చే నెల వెర్షన్‌లో వస్తుందన్నారు కాబట్టి ఇంకా టైముంది అనుకున్నాను. నేరమైతే అయింది, అది రాకముందే ఉప్పాడ వెళ్ళి, యాప్ తీసేయమని నా నోటితో చెప్పి, తర్వాత ఉద్యోగానికి నమస్కారం పెడదామని మావారూ నేనూ అనుకున్నాం. ఆ ఆదివారం వెళ్ళాలి. శుక్రవారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. యాప్‌లో కాదు, మామూలు ఫోన్. గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"మా మరిదిని పట్టుకుపోయారు అమ్మాయ్."

జరిగిందిది. సముద్రం రోడ్డు తినేయకుండా అడ్డంగా వేయడానికి లారీల్లో బండరాళ్ళొచ్చాయి. ఆ రాళ్ళని వీళ్ళ సందు ముందు కాకుండా, అవతల ఎవరో పెద్దమనిషి కొత్తగా కట్టుకున్న గెస్ట్‌హౌస్ ముందు దించారు. అక్కకి ఒళ్ళు మండి గ్రూపులో మాట్లాడింది. రేపు పొద్దున్న ఆడవాళ్ళమంతా గంపలతో సహా రోడ్డు మీద కూర్చుందాం, మన రాళ్ళు మనకి వేసేదాకా లేవద్దు అని. గ్రూపులో ఉన్నది సందులోవాళ్ళే. బయటివాళ్ళు నేనొక్కదాన్నే. నేనింకా ఆ మెసేజ్ వినలేదు కూడా. తెల్లవారేసరికి జీపొచ్చింది. ఫలానా నంబరు ఎవరిదని అడిగారు. కాగితాల్లో ఎవరి పేరుందో ఆయన్నే ఎక్కించుకున్నారు.

"మా మాటలు వాళ్ళకెలా తెలిశాయి అమ్మాయ్? నీక్కూడా వినబడదన్నావుగా?"

కనుక్కుని చెబుతానక్కా అన్నాను. అక్క, "నేనెళ్తున్నాను, మాట్టాడింది నేనని చెప్పేస్తాను," అని పెట్టేసింది.

వెంటనే ఎండీగారికి ఫోన్ చేశాను. ఆయన చల్లగా చెప్పారు. సౌకర్యం కిందటి వెర్షన్‌లోనే వెళ్ళిపోయిందట. బయటి కుర్రాళ్ళ చేత రాయించారట. మా మీటింగు నాటికే అది అందరి ఫోన్లలోనూ ఉంది.

"మరి ఇచ్చేద్దాం అని మమ్మల్నెందుకండీ అడిగారు?"

"అదేంటండి, మీరంతా సీనియర్లు. మిమ్మల్ని సంప్రదించకపోతే బాగుంటుందా?"

చూడండి మర్యాద! మనిషి గొంతు కోసేశాక కోయమంటారా అని అడిగే మర్యాద. "ఒక మూగమనిషిని జీపెక్కించారండి మన పుణ్యమాని," అన్నాను.

"అది మన పరిధిలోది కాదు కదండి," అన్నారు. "మీరు ఎవరితోనూ ఏమీ మాట్లాడకండి. మీ మంచికే చెబుతున్నాను. ఉత్తర్వులో శిక్ష గురించి ఉంది, చదివారుగా?"

చదివాను. ఫోన్ పెట్టేసి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను. ఎన్నిసార్లు కడుక్కున్నా జిడ్డు వదలనట్టే ఉంది. 

ఆ మధ్యాహ్నమే నా చివరి ఇంటర్వ్యూ. మావారు వాయిదా వెయ్యమన్నారు. నేను వినలేదు. ఆ క్షణంలో నాకు ఈ దేశం, ఈ కంపెనీ, ఈ అండీలు, గారూలు, అన్నీ రోత పుట్టాయి. వెళ్ళిపోవాలి, అంతే. చీర మార్చుకుని, జుట్టు దువ్వుకుని కూర్చున్నాను. అవతల ఒకావిడ, ఒకాయన. ఇద్దరూ చక్కగా నవ్వుతూ మాట్లాడారు. మా ఊళ్ళో ఎండల గురించి అడిగారు. తాళాల గురించి రెండు మూడు గట్టి ప్రశ్నలు వేశారు. బాగానే చెప్పాను. అప్పుడావిడ కొంచెం ముందుకి వంగి అడిగింది.

"మీ దేశంలో ప్రభుత్వం కోసం ప్రత్యేకంగా దారి పెట్టించడం మొదలైందని విన్నాం. మీ కంపెనీ కూడా చేసింది కదా?"

"చేసింది. నేను రాయలేదు."

"పరవాలేదు, దగ్గర్నుంచి చూశారుగా," అన్నాడు ఆయన. "మా దగ్గర కూడా అలాంటి చట్టమే రాబోతోంది. ఇక్కడివాళ్ళెవరికీ ఆ అనుభవం లేదు. మీలాంటివాళ్ళు మాకు చాలా అవసరం."

అంటే నన్ను పిలిచింది ఇందుకన్నమాట. అన్ని అప్లికేషన్లలో నాదే పైకి రావడానికి కారణం నా తాళం కాదు, మావాళ్ళు దానికి పెట్టిన కన్నం. నేను దేన్నించి పారిపోదామని బయల్దేరానో దానికోసమే నాకు టిక్కెట్టు కొనిస్తామంటున్నారు. పైగా మెచ్చుకుంటున్నారు! నేను లేచి నిలబడ్డాను. కెమెరాలో వాళ్ళకి నా నడుం తప్ప ఏమీ కనబడి ఉండదు.

"అనుభవం అంటే ఏంటో చెప్పనా?" అని ఇంగ్లీషులో మొదలుపెట్టి, సగంలో ఆపేశాను. ఎవరికి చెప్పాలి? గుడ్‌బై అని లాప్‌టాప్ మూసేశాను.

మావారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. "అక్కడా ఇదేనా?" అన్నారు.

"అక్కడా ఇదే. కొంచెం చలెక్కువ."

చీకటి పడ్డాక అక్క ఫోన్ చేసింది. మరిది ఇంటికొచ్చాడంది. ఇంకేమీ చెప్పకుండా పెట్టేసింది. మర్నాడు మొదటి బస్సెక్కాను. సామర్లకోట దాటాక రాజీనామా రాసి పంపించేశాను. ఎండీగారి దగ్గర్నుంచి నిమిషంలో జవాబు. మిమ్మల్ని చాలా మిస్సవుతామండి అని. చివర నమస్కారం పెడుతున్న రెండు చేతుల బొమ్మ. థూ.

ఉప్పాడలో దిగేసరికి గెస్ట్‌హౌస్ ముందు రాళ్ళు చక్కగా పేర్చి ఉన్నాయి. సందు ముందు అలలు రోడ్డు మీదకి వస్తూనే ఉన్నాయి. అక్క గుమ్మంలో చేపల గంప కడుగుతోంది. నన్ను చూసి లేచింది. లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండి మేడమ్‌గారూ," అంది.

కూర్చోలేకపోయాను. అంతకుముందు నేనెప్పుడూ ఆ ఇంట్లో కుర్చీ ఎరగను, గుమ్మం మీదే కూర్చునేదాన్ని. నిలబడే చెప్పాను. కంపెనీ దొడ్డిదారి పెట్టిందని, నాక్కూడా చెప్పకుండా పెట్టిందని, చెబితే నేరమని, అయినా చెప్పడానికే వచ్చానని. ఇంకెప్పుడూ ఆ యాప్‌లో ఏమీ మాట్లాడొద్దని, తీసేయమని. అక్క వింది. గంప బోర్లించి నీళ్ళు వంపింది.

తర్వాత ఆ రోజు జరిగింది చెప్పింది. మరిది ముందు ఒక కాగితం పెట్టారట. అక్క మాట్లాడిన మాటలు అక్షరం పొల్లుపోకుండా టైపు కొట్టి ఉన్నాయి. ఇవి నువ్వన్న మాటలేనా అని అడిగారట. ఆయన నోరు తెరిచి చూపించాడు. నాటకాలాడుతున్నావా అని ఒకడు చెంప మీద కొట్టాడు. నాకు ముందు అర్థం కాలేదు. ఆడగొంతు కదా, వింటే తెలియదా అనుకున్నాను. ఆ మాటలు వాళ్ళెవరూ వినలేదు. మిషన్ విని, కాగితం మీద కొట్టి ఇచ్చింది. అందరి గుండెల మీదా కన్నం పెట్టించిన మహానుభావులకి, ఆ కన్నంలోంచి ఒక్కసారి చెవి పెట్టి వినే తీరిక కూడా లేదు. అది విన్నాక నాకు కోపం కూడా రాలేదు. మురుగు పేరుకుపోయిన కాలవలో కాలు పెట్టినట్టయింది.

"మరి ఎవరిదీ ఫోను, ఎవరు మాట్టాడారు, చూపించు అన్నారంట," అంది అక్క. "చూపించొచ్చుగా? నా ఇల్లు ఆడి ఇంటి పక్కనే. ఇలా చెయ్యి తిప్పితే అయిపోద్ది. తిప్పలేదు. సాయంత్రం దాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చున్నాడంట. ముందు నన్ను లోపలికే రానివ్వలేదు. గేటు దగ్గర కేకలేసి కేకలేసి నా గొంతు పోయింది. అప్పుడు పిలిచారు. నేనే అన్నానని చెప్పాను. ఇంకెప్పుడూ రోడ్డెక్కనని రాయించుకుని వదిలారు."

గంప పక్కకి నెట్టి నా వైపు చూసింది. "మీ తాళం ఊడిపోయింది గానీ మేడమ్‌గారూ, మా మరిది నోరు మాత్రం ఊడిరాలేదు." 

ఎగతాళిగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. నేను తల దించుకున్నాను. కంపెనీ చేసింది, నేను కాదు అని అందామని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ గుమ్మంలో కూర్చుని మాటిచ్చింది మాత్రం కంపెనీ కాదు.

ఇద్దరం సందంతా తిరిగాం. ఇల్లిల్లూ తలుపు కొట్టి, ఫోన్ తీసుకుని, యాప్ తీసేసి ఇచ్చాను. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తోడికోడలు మాత్రం ఫోన్ వెనక్కి తీసుకుంటూ అడిగింది. "ఇంకోటేదన్నా మంచిదుంటే పెట్టండి అమ్మగారూ. ఎవరికీ వినబడనిది."

నా ఉద్యోగ జీవితమంతా నేను చేసిన పని అదొక్కటే. మంచి తాళమేదో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రెండు మూడు పేర్లు నోటిదాకా వచ్చాయి. రేపు వాటికి ఎవరు ఏ సౌకర్యం అడుగుతారో, వాళ్ళు ఎంత మర్యాదగా ఇచ్చేస్తారో నాకేం తెలుసు? "లేదమ్మా," అన్నాను. "పక్కింటికెళ్ళి చెవిలో చెప్పుకోండి."

చివరికి మిగిలింది మరిది ఫోన్. ఆయన కుట్టుమిషన్ ముందే కూర్చున్నాడు గానీ కుట్టట్లేదు. ఎడమ చెంప కమిలి ఉంది. నన్ను చూశాడు. నేను నవ్వడానికి ప్రయత్నించాను. ఎప్పుడూ పైకి లేచే వేలు లేవలేదు.

అక్క ఆయనకి చెప్పింది. అమ్మాయిగారు మంచికే వచ్చారు, ఫోన్ ఇయ్యి అని. ఫోన్ పక్కనే స్టూలు మీద ఉంది. తీసుకున్నాను. లాక్ పడి ఉంది. ఆయన ఫోన్‌కి నంబర్లేవీ లేవు. కొన్నరోజే వేలితో తెరుచుకునేలా పెట్టించుకున్నాడు, ఆ సందులో అలా తెరవగలిగింది తనొక్కడే కదా అని. ఫోన్ ఆయన ముందు పట్టుకుని, వేలు పెట్టమన్నట్టు చూపించాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. ఫోన్‌కేసి చూశాడు. కుడిచేతి బొటనవేలిని నాలుగు వేళ్ళ మధ్యకి మడిచి పిడికిలి బిగించాడు. ఆ పిడికిలిని తీసుకెళ్ళి చంకలో దాచుకున్నాడు. వేలి మీద నీలం సిరా మరక ఇంకా ఉండటం అప్పుడు చూశాను.

"వదిలేటప్పుడు ఏదో కాగితం మీద బలవంతంగా వేలేయించుకున్నారు," అంది అక్క. "అందులో ఏం రాసుందో ఎవరికీ తెలీదు. అప్పటినుంచీ ఇంతే. అన్నం కూడా ఎడంచేత్తోనే తింటున్నాడు."

బతిమాలింది. తిట్టింది. భుజం పట్టుకుని ఊపింది. ఆయన కదల్లేదు. ఇంతలో స్టూలు మీద ఫోన్ పెట్టబోతుంటే అది నా చేతిలో ఒకసారి మోగింది. సందు చివరి ఇంట్లో మేం వెళ్ళి యాప్ తీసేయకముందు ఎవరో పంపిన మాట, ఇప్పుడొచ్చింది. ఆయన చూపు ఫోన్ మీదికి వెళ్ళింది. పిడికిలి మాత్రం చంకలోంచి బయటికి రాలేదు.

ఫోన్ స్టూలు మీద పెట్టేసి బస్సుకి బయల్దేరాను. ఆ ఫోన్‌లో మా యాప్ ఇంకా అలాగే ఉంది.